ప్లేట్‌లెట్లు తక్కువంటున్నారు, మళ్లీ ఈ మాత్ర ఎందుకు?

తెలంగాణలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం పంపారు. పేరు వేయవద్దన్నారు. ఆమె రాసినదాని సారాంశం ఇది.

వయసు 29. రెండోసారి గర్భవతి, ఇప్పుడు 13 వారాలు దాటాయి. రెండేళ్ల కిందట మొదటి గర్భంలో 30వ వారం దాకా అంతా బాగానే ఉందనుకున్నారు. ఒకరోజు తెల్లవారుజామున తల పగిలిపోయేంత నొప్పి, కళ్ల ముందు మెరుపులు. ఆసుపత్రికి చేరేసరికి బీపీ 170/110. వెంటనే ఆపరేషన్ చేసి పాపను తీశారు. బరువు 870 గ్రాములు. నాలుగో రోజు పాప పోయింది. ఆ సమయంలో తల్లికి రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లు 92 వేలకు పడిపోయాయి. కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయను పరీక్షకు పంపితే, అది ఉండాల్సినదానికన్నా చిన్నగా ఉందనీ, చాలాచోట్ల రక్తం అందక గట్టిపడిందనీ రిపోర్టు వచ్చింది.

ఈసారి 12 వారాలు నిండగానే డాక్టరు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర రాశారు. అదే రోజు ఇచ్చిన రక్తం రిపోర్టు సాయంత్రం ఫోన్‌కు వచ్చింది. ప్లేట్‌లెట్లు 1 లక్షా 18 వేలు. ఆ రిపోర్టు డాక్టరు ఇంకా చూడలేదు. మందుల షాపాయన మాత్రం చూసి, "ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లకు రక్తం పల్చబడే మందు ఇవ్వరమ్మా" అన్నారు. ఇక ఇంట్లో టెన్షన్ మొదలైంది. పోయినసారి ప్లేట్‌లెట్లు పడిపోయే కదా బిడ్డ పోయింది, ఇప్పుడు మొదట్లోనే తక్కువున్నాయి, పైగా ఈ మాత్రా అని అత్తగారి భయం. మూడు రోజులుగా ఆవిడ పొద్దున్నే బొప్పాయి ఆకు పసరు తీసి ఇస్తున్నారు. భర్త ఫోన్‌లో వెతికితే ఒకచోట ప్లేట్‌లెట్లు మాయ ఎదగడానికి సాయం చేస్తాయని ఉంది, ఇంకోచోట అవే మాయను పాడుచేస్తాయని ఉంది.

ఉత్తరం చివర ఆమె మాటలు ఇవి: "తొమ్మిది రోజులుగా ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. మాత్రల అట్ట బియ్యం డబ్బాలో దాచాను. ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోన్ చేసి అడిగితే వేసుకుంటున్నానని అబద్ధం చెప్పాను. డాక్టరు దగ్గరా, ఇంట్లోవాళ్ల దగ్గరా దొంగలా ఉన్నాను. ప్లేట్‌లెట్లు మంచివా, చెడ్డవా? ఈ మాత్ర వేసుకోవాలా, వద్దా? నా రక్తమే నా పాపను చంపిందా?"

అమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే మీరిచ్చిన ఈమెయిల్‌కు రెండు వాక్యాలు పంపాను: పసరు ఆపండి, రిపోర్టును ఈరోజే డాక్టరుకు చేర్చండి అని. మిగతా జవాబు తీరిగ్గా రాయాలనిపించింది. మీలాగే మాత్రల అట్ట దాచుకున్నవాళ్లను నా గదిలో కూర్చోబెట్టుకుని చాలాసార్లు మాట్లాడాను, అందుకే దీన్ని అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

ఆఖర్న అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. లేదమ్మా, మీరు చేసిన ఏ పనివల్లా పాప పోలేదు. తిన్నదీ కాదు, నడిచిందీ కాదు, తలనొప్పి వచ్చిన రాత్రి కాసేపు ఓర్చుకున్నదీ కాదు. మీకు వచ్చినదాన్ని, అంటే గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బును, డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడేది దీని ముదిరిన రూపాన్నే. అది బయటపడేది ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో కావచ్చు, కానీ మీలా ముందుగా వచ్చినవాళ్లలో దాని పునాది చాలావరకు మొదటి నాలుగైదు నెలల్లోనే పడిపోయి ఉంటుంది. అప్పటికి మీకు బీపీ మామూలుగానే ఉంటుంది, కాళ్ల వాపూ ఉండదు. మీరు పట్టుకోగలిగింది అక్కడ ఏమీ లేదు.

కాన్పు అయ్యాక మాయను ఒక స్టీలు ట్రేలో వేసి చూడటం మా పని. నెలలు నిండిన ఆరోగ్యమైన మాయ దాదాపు అర కిలో ఉంటుంది. తల్లి వైపు ముఖం ముదురు ఎరుపు రంగులో, పదిహేను ఇరవై ముద్దలు పక్కపక్కన పేర్చినట్టు, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయేలా ఉంటుంది. మీలాంటి కాన్పుల్లో చూసే మాయ అరచేతిలో ఇమిడిపోతుంది. గ్లవ్స్ వేసుకున్న వేలికి ఆ మెత్తదనం మధ్యలో అక్కడక్కడ గట్టి బిళ్లలు తగులుతాయి. కోసి చూస్తే అవి పాలిపోయి తెల్లగా ఉంటాయి. మీ రిపోర్టులో "రక్తం అందక గట్టిపడిన భాగాలు" అన్నది వీటినే. అంతమేర బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందించే పని ఆగిపోయిందని అర్థం.

ఆ రక్తం ఎందుకు అందలేదో చెబితే ప్లేట్‌లెట్ల సంగతి తేలిగ్గా తెలుస్తుంది.

గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నటి రక్తనాళాలు ఉంటాయి. గర్భం నిలిచాక మాయ నుంచి కొన్ని కణాలు బయల్దేరి ఆ నాళాల్లోకి చొచ్చుకుపోతాయి. గోడలోని కండను కరిగించి, సన్నటి పిల్లకాలువల్లాంటి నాళాలను వెడల్పాటి కాలువల్లా మారుస్తాయి. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం చేరాలి కాబట్టి ఈ వెడల్పు కావాలి. అయితే మొదటి రెండున్నర నెలలు ఈ కణాలే నాళాల నోటికి బిరడాల్లా అడ్డం ఉంటాయి. అంత లేత పిండానికి ఒక్కసారిగా రక్తం పోటెత్తితే తట్టుకోలేదు. అప్పుడు ఆ బిరడాల సందుల్లోంచి నీరులాంటి ప్లాస్మా ఊరుతుంది, ఎర్ర రక్తకణాలు పెద్దగా దూరలేవు.

ప్లేట్‌లెట్లు దూరగలవు. ఎర్రకణంలో మూడో వంతు కూడా ఉండవు అవి. అలా దూరి, చొచ్చుకుపోతున్న మాయ కణాల మధ్య కూర్చుంటాయి. జపాన్‌లో క్యోటో పరిశోధకులు 2005లో గమనించిందేమిటంటే, ఆ ప్లేట్‌లెట్లు విడుదల చేసే పదార్థాలు తగిలితే మాయ కణాలు ఇంకా చురుగ్గా ముందుకు కదులుతున్నాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ వైద్య విశ్వవిద్యాలయంలో కూడా కొన్నేళ్లుగా దీని మీదే పని జరుగుతోంది. అంటే మీవారు చదివిన మొదటి మాట నిజమే. తొలి వారాల్లో తల్లి ప్లేట్‌లెట్లు మాయకు దారి చూపడంలో చేయి వేస్తాయి.

రెండో మాటా నిజమే, కానీ అది వేరే పరిస్థితి. 10 నుంచి 12 వారాల మధ్య బిరడాలు వదులై తల్లి రక్తం మాయలోకి పారడం మొదలవుతుంది. నాళాలు సరిగ్గా వెడల్పయిన చోట రక్తం నెమ్మదిగా, నిండుగా వస్తుంది. కానిచోట సన్నటి గొట్టంలోంచి పిచికారీ కొట్టినట్టు వస్తుంది. ఆ తాకిడికి మాయ పైపొర దెబ్బతింటుంది. ప్లేట్‌లెట్ల స్వభావం మీకు తెలిసిందే. కూరగాయలు కోస్తూ వేలు తెగితే పరిగెత్తుకొచ్చి అతుక్కునేవి అవే. మాయలో కూడా దెబ్బ కనిపిస్తే అదే పని చేస్తాయి. చిన్న దెబ్బ అయితే మంచిదే, పగులుకు లప్పం పెట్టినట్టు పూడుస్తాయి. ఆరోగ్యమైన మాయలో కూడా అలాంటి మాట్లు ఉంటాయి. దెబ్బలు ఎక్కువైతే ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి. ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, నాళాన్ని బిగించే త్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అసలే సన్నగా ఉన్న నాళం ఇంకా బిగుస్తుంది, రక్తం గడ్డలు కడుతుంది, అటుపక్క మాయ ఎండిపోతుంది. జర్మనీ శాస్త్రవేత్తలు 2016లో ఎలుకల మీద ఇలాంటిదే చూపించారు. మాయలో రెచ్చిపోయిన ప్లేట్‌లెట్లు పోగుపడితే ప్రీఎక్లాంప్సియా లాంటి జబ్బు వచ్చింది. ఆస్పిరిన్ ఇస్తే తగ్గింది.

అందుకే ప్లేట్‌లెట్లు మంచివా, చెడ్డవా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాదమ్మా. మాయ అనే నేల బాగుంటే అవి మేలు చేస్తాయి, నేల దెబ్బతింటే అవే కీడు పెంచుతాయి. ఇంకొక్క మాట ఇక్కడే చెప్పాలి. మీ ఇంట్లో చర్చంతా వాటి లెక్క మీద నడుస్తోంది. లెక్క వేరు, తీరు వేరు. 1 లక్షా 18 వేల ప్లేట్‌లెట్లు కూడా రెచ్చిపోయి గడ్డలు కట్టించగలవు. 3 లక్షలున్నా శాంతంగా తిరుగుతూ ఉండవచ్చు. తక్కువున్నాయి కదా, గడ్డలు కట్టవులే అనుకోవడానికి లేదు. తక్కువున్నాయి కాబట్టి రక్తం కారిపోతుందని బెంబేలెత్తడానికీ లేదు.

పోయినసారి 92 వేలకు పడిపోవడం గురించి అత్తమ్మగారి మనసులో ఒక లెక్క ఉంది. ప్లేట్‌లెట్లు తగ్గాయి, అందుకే పాప పోయింది అని. ఆవిడ చూసిన రెండూ నిజమే, కానీ వరుస తిరగబడింది. మాయలోనూ మీ ఒంట్లోని రక్తనాళాల్లోనూ దెబ్బ తగిలిన ప్రతిచోటా ప్లేట్‌లెట్లు అతుక్కుని ఖర్చయిపోయాయి, అందుకే రక్తంలో లెక్క తగ్గింది. ఆ తగ్గుదల జబ్బు ముదిరిందని చెప్పిన గుర్తు. జబ్బును తెచ్చింది అది కాదు. ఆరోజే ఆపరేషన్ చేయాలని డాక్టర్లు తొందరపడటానికి అది కూడా ఒక కారణం అయి ఉంటుంది.

ఇక ఇప్పటి 1 లక్షా 18 వేలు. నేనైతే ముందు ఆ అంకెనే అనుమానిస్తాను. రక్తం తీసి పోసే ఊదారంగు మూత సీసా ఉంది చూశారా, అందులో గడ్డకట్టకుండా ఒక మందు ఉంటుంది. కొందరి రక్తంలో ఆ మందు తగిలితే ప్లేట్‌లెట్లు గుంపులుగా అంటుకుంటాయి. మెషిన్ ఒక గుంపునంతా ఒకటిగా లెక్కపెడుతుంది. ఒంట్లో 2 లక్షలున్నా కాగితం మీద లక్ష చిల్లర పడుతుంది. నీలిరంగు మూత సీసాలో మళ్లీ రక్తం తీసి, ఒక చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద కంటితో చూస్తే నిజం తేలుతుంది. పెద్ద ఖర్చేం కాదు. "స్మియర్ చూసి చెప్పండి" అని ల్యాబ్‌లో అడగండి.

నిజంగానే అంత ఉందనుకుందాం. గర్భంలో ప్లేట్‌లెట్లు అందరికీ కొంత తగ్గుతాయి. రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, మాయలో కొన్ని వాడకానికి పోతాయి. అమెరికాలో 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, ఏ ఇబ్బందీ లేని గర్భవతుల్లో కూడా దాదాపు 10 శాతం మందికి కాన్పు నాటికి లక్షన్నర కంటే తక్కువ ఉన్నాయి. లక్ష కంటే తక్కువకు పడినవాళ్లు మాత్రం నూటికి ఒకరే. కాబట్టి లక్ష పైన ఉంటే సాధారణంగా కంగారు పడం, దిగితే కారణం వెతుకుతాం. మీది లక్షకు పైనే ఉంది. అయితే ఈ తగ్గుదల ఎక్కువగా ఆఖరి నెలల్లో కనిపించేది, మీకు మూడో నెలలోనే కనిపించింది. అందుకే పెళ్లికి ముందు, మొదటి గర్భానికి ముందు ఎప్పుడైనా చేయించిన పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే తీయండి. ఎప్పుడూ లక్షా ఇరవై చిల్లరే ఉండే మనుషులూ ఉంటారు. బి12 తక్కువైనా, ఒంటి రక్షణ వ్యవస్థ పొరబడి ప్లేట్‌లెట్లను నాశనం చేస్తున్నా తగ్గుతాయి.

ఇంకొకటి కూడా ఉంది, మీ ఉత్తరం చదువుతుంటే నాకు మొదట తట్టింది ఇదే. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అని ఒక సమస్య. దీనిలో రక్తం గడ్డకట్టే స్వభావం ఎక్కువ, విచిత్రంగా ప్లేట్‌లెట్ల లెక్క కొంచెం తక్కువ. 34 వారాల లోపే ప్రీఎక్లాంప్సియాతో కాన్పు చేయాల్సి వచ్చినవాళ్లకు దీన్ని ఒకసారి వెతకాలి. మూడు రక్తపరీక్షలు ఉంటాయి. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చేసి ఖాయం చేసుకుంటారు. పోయినసారి ఇవి చేశారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఒకవేళ ఇది ఉందని తేలితే ఆస్పిరిన్ ఒక్కటే సరిపోదు, గడ్డలు కట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు కూడా కావాల్సి ఉంటుంది. అప్పుడు మన చర్చే మారిపోతుంది. అందుకే డాక్టరును తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇప్పుడు మాత్ర సంగతి. "రక్తం పల్చబడే మందు" అన్న మాట దగ్గరే సగం భయం పుడుతోంది. ఆస్పిరిన్ రక్తాన్ని మజ్జిగలో నీళ్లు పోసినట్టు పల్చన చేయదు, ప్లేట్‌లెట్ల లెక్కను తగ్గించదు. ప్లేట్‌లెట్‌లో త్రాంబాక్సేన్‌ను తయారుచేసే ఒక ఎంజైమ్‌ను శాశ్వతంగా మూసేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి కొత్త ఎంజైమ్‌ను తయారుచేసుకోలేదు. బతికినంత కాలం, అంటే 7 నుంచి 10 రోజులు, అది కాస్త శాంతంగానే ఉంటుంది. రక్తనాళం గోడ మాత్రం అదే ఎంజైమ్‌ను మళ్లీ తయారుచేసుకుని, నాళాన్ని సడలించే పదార్థాన్ని వదులుతూనే ఉంటుంది. చిన్న మోతాదుతో ఇంత పని జరగడానికి కారణం ఈ తేడాయే. తలనొప్పికి వేసుకునే పెద్ద మోతాదుకూ దీనికీ పోలిక లేదు.

దీని ఫలితం ఎంత? లండన్ కింగ్స్ కాలేజీ వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. ప్రమాదం ఎక్కువని పరీక్షల్లో తేలిన 1,776 మంది గర్భవతులను తీసుకున్నారు. సగం మందికి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రోజూ రాత్రి ఇచ్చారు. 37 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా ఉత్తి మాత్ర వాళ్లలో వెయ్యికి 43 మందికి వస్తే, ఆస్పిరిన్ వాళ్లలో వెయ్యికి 16 మందికి వచ్చింది. పిల్లలకు హాని పెరగలేదు. మన దగ్గరి సంగతి కావాలంటే, బెళగావి, నాగపూర్ ప్రాంతాలతో సహా ఆరు దేశాల్లో దాదాపు 12 వేల మంది తొలిచూలు తల్లులకు 81 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ఫలితాలు 2020లో వచ్చాయి. నెలలు నిండకుండా పుట్టే పిల్లలు 13.1 శాతం నుంచి 11.6 శాతానికి తగ్గారు. లండన్ అధ్యయనంలో ఆస్పిరిన్ వేసుకున్నా జబ్బు వచ్చిన ఆ 16 మంది ఉన్నారు కదా, వాళ్లను మరచిపోవద్దు. మాత్ర వేసుకున్నా రావచ్చు. ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు.

మీ ముందు మూడు దారులున్నాయి. ఏ దారిలో ఏముందో చెబుతాను, నిర్ణయం మీదీ మీ డాక్టరుదీ.

మొదటిది, డాక్టరుకు రిపోర్టు చూపించి, ఆవిడ సరేనంటే ఆ రాత్రి నుంచే మొదలుపెట్టడం. లక్ష పైన ఉన్న లెక్కకు, అలర్జీ, కడుపులో పుండు, ఆస్పిరిన్ పడని ఉబ్బసం, ఎక్కడైనా రక్తస్రావం లాంటివి లేకపోతే సాధారణంగా మేం ఈ మాత్రను ఆపం. నెలకోసారి లెక్క చూస్తూ ఉంటాం. లక్ష కంటే దిగితే రక్తవ్యాధుల నిపుణుల సలహా తీసుకుంటాం. 50 వేల దగ్గరకు వస్తే ఆపేయడమే ఎక్కువగా జరుగుతుంది. ఈ దారిలో మీరు ఓర్చుకోవాల్సింది కొంచెం కడుపు మంట, చిగుళ్ల నుంచి ఎప్పుడైనా రక్తపు చాయ. కాన్పు సమయంలో రక్తస్రావం కాస్త పెరగవచ్చని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి కాబట్టి చాలామందికి 36 వారాలకు ఆపేస్తాం.

రెండోది, లెక్క ఖాయమయ్యేదాకా నాలుగైదు రోజులు ఆగడం. ఇందులో తప్పేం లేదు, కొందరు డాక్టర్లు అదే చెబుతారు. కాకపోతే మాయ నాళాలు వెడల్పయ్యే పని ఇప్పుడే జరుగుతోంది. 16 వారాల లోపు మొదలుపెడితేనే మేలు ఎక్కువ. మీకు తొమ్మిది రోజులు పోయినా ఇంకా వేళ మించలేదు. ఆగేటట్టయితే దానికో తేదీ పెట్టుకుని ఆగండి. "చూద్దాంలే" అని ఆగితే నెల గడిచిపోతుంది.

మూడోది, వేసుకోకూడదని నిర్ణయించుకోవడం. ఆ హక్కు మీకుంది, ఏ డాక్టరూ మీ గొంతులో మాత్ర వేయలేరు. కానీ ఒకసారి ఇంత ముందుగా ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం మామూలు వాళ్లకన్నా చాలా ఎక్కువ. ఈ దారిలో వెళ్తే బీపీ, స్కాన్‌లు ఇంకా దగ్గర దగ్గరగా కావాలి. అది జరగాలంటే మీరు వేసుకోవడం లేదని డాక్టరుకు తెలియాలి.

ఇప్పుడు మీరున్నది ఈ మూడింటిలో ఏదీ కాదమ్మా. డాక్టరు కాగితంలో "ఆస్పిరిన్ తీసుకుంటున్నారు" అని ఉంది, ఒంట్లో అది లేదు. రేపు బీపీ కొంచెం పెరిగితే, ఆస్పిరిన్ మీద ఉన్నా పెరిగిందే అని ఆవిడ వేరే లెక్క వేస్తారు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. అబద్ధం చెప్పారని మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. పాపను పోగొట్టుకున్న తల్లికి రెండు వైపుల నుంచీ భయం చెబితే ఏం చేస్తుంది? కానీ ఆ అబద్ధాన్ని ఒక్క ఫోన్‌తో తీసేయవచ్చు. "తొమ్మిది రోజులుగా వేసుకోలేదు మేడమ్, భయమేసింది. ప్లేట్‌లెట్ల రిపోర్టు కూడా మీరు చూడలేదు" అనండి చాలు. ఇలాంటి మాట నేను ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారి కూడా కోపం రాలేదు, హమ్మయ్య చెప్పింది అనిపించింది.

బొప్పాయి ఆకు పసరు మాత్రం వద్దేవద్దు. డెంగీ వచ్చినప్పుడు ఇస్తే మేలు చేసిందని విని, అత్తమ్మగారు ప్రేమతోనే ఇస్తున్నారు. కానీ కడుపుతో ఉన్నవాళ్లకు అది క్షేమమని ఎవరూ తేల్చలేదు. మూడు రోజులు తాగారని దిగులు పడకండి, డాక్టరుకు చెప్పండి, ఇక ఆపేయండి. ఆవిడకు మీరు చెప్పడం కన్నా డాక్టరు చెప్పడం మేలు. వచ్చేసారి చెకప్‌కు ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి. పోయినసారి మనవరాలిని పోగొట్టుకున్న మనిషి ఆవిడ కూడా. పసరు మానేయమని చెప్పి చేతులు ఖాళీ చేస్తే ఆ భయం ఎటు పోతుంది? ఆవిడకు ఒక పని అప్పగించండి. పైచేతికి కట్టే డిజిటల్ బీపీ మెషిన్ ఒకటి కొని, మిమ్మల్ని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు చూసి నోటు పుస్తకంలో రాయమనండి. 140/90 కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయాలని ఆ పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. మెషిన్ కొనడం కష్టమైతే ఆశా కార్యకర్తను అడగండి. ప్రతి నెల 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భవతులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

వానాకాలం కాబట్టి ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఆస్పిరిన్ వేసుకుంటున్న రోజుల్లో జ్వరం వస్తే ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. డెంగీ అయితే ప్లేట్‌లెట్లు నిజంగానే వేగంగా పడిపోతాయి, అప్పుడు ఆస్పిరిన్ ప్రమాదం. జ్వరానికి పారాసెటమాల్ తప్ప మందుల షాపులో వేరే ఏ నొప్పి మాత్రా తీసుకోవద్దు. డెంగీ గురించి అడిగి ఉంటే షాపాయన మాట నూటికి నూరుపాళ్లు సరైనదే అయ్యేది. మీ విషయంలో ఆయనకు మొత్తం కథ తెలియదు, అంతే.

మీవారికి ఇంకో అనుమానం ఉందని రాశారు, మీ ప్లేట్‌లెట్లు తక్కువైతే బిడ్డకూ తగ్గుతాయా అని. తల్లి ప్లేట్‌లెట్లు మాయ దాకా వస్తాయి గానీ బిడ్డ రక్తంలోకి వెళ్లవు. బిడ్డవి బిడ్డకే. తల్లి రక్షణ వ్యవస్థ ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బులో మాత్రం ఆ పని చేసే యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ ప్లేట్‌లెట్లను తగ్గించవచ్చు. మీకు ఆ జబ్బు ఉందని ఇప్పటికి ఎవరూ అనలేదు. వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇవ్వరేమో అని కూడా అడిగారు. 70 వేల పైన ఉండి, పడిపోకుండా నిలకడగా ఉంటే ఎక్కువమంది మత్తు డాక్టర్లు ఇస్తారు.

మిగతా నెలల్లో ఏం జరుగుతుందో తెలిస్తే మీకు కొంచెం ఊపిరి ఆడుతుంది. 20 వారాల స్కాన్‌లో గర్భసంచి రక్తనాళాల్లో ప్రవాహం ఎలా ఉందో డాప్లర్‌తో చూడమని అడగండి. పోయినసారి నాళాలు వెడల్పు కాలేదు కదా, ఈసారి అయ్యాయో లేదో అందులో కొంత తెలుస్తుంది. 26, 28 వారాల నుంచి బిడ్డ ఎదుగుదల స్కాన్‌లు వరుసగా ఉంటాయి. 14 వారాల నుంచి ఇచ్చే కాల్షియం మాత్రలను అశ్రద్ధ చేయవద్దు, కాల్షియం తక్కువ తినే మనలాంటి వాళ్లలో అవి కూడా బీపీ జబ్బును తగ్గిస్తాయి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, హఠాత్తుగా ముఖం ఉబ్బడం, బిడ్డ కదలికలు తగ్గడం, కింది నుంచి రక్తం కనిపించడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు. రాత్రి రెండు గంటలైనా సరే.

30వ వారం దగ్గర పడుతుంటే మీకు నిద్ర పట్టదు, అది నాకు తెలుసు. ఆ వారం ముందే డాక్టరును అడిగి, అవసరం లేకపోయినా ఒకసారి బీపీ, స్కాన్, రక్తపరీక్ష పెట్టించుకోండి. ఊరికే ధైర్యం కోసం చేయించుకున్నానని సిగ్గుపడక్కర్లేదు.

డాక్టరు సరేనన్న రోజున ఆ అట్టను బియ్యం డబ్బాలోంచి తీసి, పడుకునే ముందు నీళ్లు తాగే చెంబు పక్కన పెట్టుకోండి, అందరికీ కనిపించేలా. మళ్లీ తీసిన రక్తం రిపోర్టు ఏం చెప్పిందో నాకు రాయండి.